మెట్ల కింద మంచుదేశం

ఓబదయ్యకి ఒకటే జబ్బు. మీరు ఏ మాట మొదలుపెట్టినా, ఆ మాటను చెయ్యిపట్టుకుని తీసుకెళ్లి మంచులో కూర్చోబెట్టేవాడు.

"ఇవాళ పప్పులో ఉప్పెక్కువైంది ఓబదయ్యా" అంటే, "మంచుదేశంలో పప్పే ఉండదంట టీచరమ్మా, ఇంక ఉప్పు గొడవ ఎక్కడిది" అనేవాడు. "మా రూతుకి నైట్ డ్యూటీలు వేసి చంపుతున్నారయ్యా" అంటే, "మంచుదేశంలో చలికాలమంతా నైటేనంట, డే డ్యూటీ కావాలన్నా దొరకదు" అనేవాడు. బయట చూస్తే సౌదీలో తబూక్ ఎండ. తారు మీద చెప్పు అతుక్కుంటే, చెప్పు అక్కడే వదిలేసి కాలు తెచ్చుకోవాల్సిన ఎండ. ఆ ఎండలో నిలబడి, తువ్వాలు పిండుకుంటూ, ఈ మనిషి తెల్ల ఎలుగుబంట్ల గురించి చెప్తుంటే వినే నాకే నీరసం వచ్చేది.

పోనీ, తను మంచు చూశాడా అంటే, ఫ్రీజర్ గోడకి పట్టేది తప్ప ఎరగడు. చీరాల దగ్గర వాడరేవు మనిషి. మా రూతు నర్సుగా చేసే ఆసుపత్రిలోనే, వంటగది పక్కనున్న పెద్ద చల్లగదికి మెకానిక్కు. రెండువేల ఆరులో నేను రిటైరై, విజిట్ వీసా మీద కూతురు దగ్గరికి వెళ్లాను. బాపట్ల దగ్గర హైస్కూల్లో ముప్పైయేళ్లు తెలుగు చెప్పిన నోరు, అక్కడ నాలుగ్గోడల మధ్య ఊరుకుంటుందా? మూడంతస్తుల పాత బిల్డింగు మాది. పైన సంసారులు, కింద ఒంటరి మగవాళ్లు. మెట్ల దగ్గర ఎవరు దొరికితే వాళ్లతో కబుర్లు పెట్టుకునేదాన్ని. ఎక్కువగా దొరికేది ఓబదయ్యే, ఎందుకంటే పారిపోని మనిషి అతనొక్కడే.

ఈ మంచు అతనికి ఎలా అంటుకుందో నాకు చాలా ఆరాటంగా ఉండేది. అడిగితే చెప్పాడు.

ఆసుపత్రికి కెనడా నుంచి ఒక నర్సు వచ్చింది. పేరు ఎలిసాపీ. కెనడా అంటే ఆ కింది కెనడా కాదు, పైన, చెట్లు కూడా మొలవని చోట, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. రోడ్డు లేదు, విమానం దిగితేనే. నేను ఆరో తరగతి పిల్లలకి ఎస్కిమోలు అని చెప్పానే, వాళ్లు. ఆ మాట నా నోట్లోంచి రాగానే ఓబదయ్య అటూ ఇటూ చూసి, "ఆ మాట అనకండమ్మా, వాళ్లకి నచ్చదు. ఇన్యూట్ అనాలి" అన్నాడు. మంచు ఇళ్లలో ఉంటారు కదా అంటే, "వాషింగ్ మిషనుందంట" అన్నాడు చాలా గర్వంగా, తనే కొనిచ్చినట్టు.

ఎలిసాపీకి తబూక్ ఎండ పడలేదు. డ్యూటీ మధ్యలో టీ తాగే టైము దొరికితే చల్లగదిలోకి వచ్చి టమాటా పెట్టె మీద కూర్చునేది. ఓబదయ్య స్వెటరు వేసుకుని లోపల రిపేరు చేస్తూ ఉండేవాడు. ఎలిసాపీ అంటే ఎలీసబెతు అని తెలిసింది. వాళ్లమ్మ రూతంట, మేనమామ యిర్మీయా అంట. "మా ఊరూ అంతే" అన్నాడట ఓబదయ్య. ఇద్దరి ఊళ్లకీ ఒకప్పుడు ఎవరో దొరలు వచ్చి, ఒకే పుస్తకంలోంచి పేర్లు పెట్టి వెళ్లారు. అంతే, ఈయన చుట్టరికం కలిపేసుకున్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో రోజుకో ప్రశ్న.

"ఊళ్లో ఒకే పెద్ద కొట్టంట టీచరమ్మా. బియ్యం నుంచి తుపాకీ దాకా అందులోనే. పెట్రోలూ వాళ్లదే, హోటలూ వాళ్లదే. రాతితో బొమ్మలు చెక్కి ఇస్తే కొట్టువాళ్లే కొని దక్షిణాదికి పంపుతారంట. నేను అడిగా, ఇంత పెద్ద కొట్టుకి కఫీల్ ఎవరు అని."

సౌదీలో మనిషికైనా కొట్టుకైనా పైన ఒక స్థానికుడు పూచీ ఉండాలి. ఆయనే కఫీల్. ఆయన సంతకం లేకుండా ఉద్యోగం మారలేం, ఊరికి పోలేం. అక్కడ ఉండటానికిచ్చే ఇఖామా కార్డు కూడా ఆయన పూచీ మీదే. అక్కడ కొన్నాళ్లుంటే, కఫీల్ లేని వస్తువు లోకంలో ఉంటుందని ఊహకి కూడా రాదు.

"ఏమంది?"

"లేడంది. మరి లైసెన్సు ఎవరి పేరన ఉంది అన్నా. ఊరి పేరనంది. ఊరి ఇఖామా ఎవరి జేబులో ఉంది అన్నా. నవ్వి నవ్వి టమాటా పెట్టె మీంచి జారింది. ఊరోళ్లంతా తలా ఇంత వేసుకుని పెట్టుకున్నారంటమ్మా. ఊరోళ్లే యజమానులు. ఏడాది చివర మిగిలింది ఊరోళ్లే పంచుకుంటారు. సీలు వేటకి పోయే ముసలాయన ప్రెసిడెంటు. ఆయన సరుకు కొనడానికొచ్చినా లైన్లో నిలబడాలంట."

ఈ చివరి ముక్క చెప్పేటప్పుడు అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ప్రెసిడెంటు లైన్లో నిలబడటం ఓబదయ్య ఊహించుకోగలిగిన స్వర్గం.

అప్పట్నుంచి మా బిల్డింగుకి శని పట్టింది. డాబా మీద అందరికీ కలిపి ఒక బట్టల మిషనుండేది. ఎవరి వంతు ఎప్పుడన్నది ఎప్పుడూ గొడవే. ఓబదయ్య మీటింగు పెట్టాడు. ఇది సొసైటీ అన్నాడు, అందరూ యజమానులన్నాడు. నన్ను ప్రెసిడెంటు చేశారు, "కూర్చోండి" అని గట్టిగా అనగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి. మధ్యాహ్నం మొదలైన చర్చ సాయంత్రానికి కూడా తెగలేదు. ఈలోగా మూడో అంతస్తు క్రిస్టీనా పోయి, కర్టెన్లతో సహా ఇంట్లో బట్టలన్నీ ఉతికి ఆరేసుకుని వచ్చి, "ఎంతదాకా వచ్చింది?" అంది.

కింది గదిలో గౌస్ మొహిద్దీన్ అని డ్రైవరుండేవాడు. ప్రొద్దుటూరు మనిషి. ఆ రోజు అతను నవ్వినంత నవ్వు మళ్లీ ఎవరూ నవ్వలేదు. "ఓ మంచుదేశం సామీ, నీ సొసైటీలో మిషనుకు కూడా ఓటుందా?" అన్నాడు. ఓబదయ్య దాని గురించి నిజంగానే ఆలోచించాడు.

గౌస్ భాయ్ సంగతి ఇక్కడ చెప్పాలి. శుక్రవారం బిరియానీ అంటే బిల్డింగంతటికీ అతనే. డేగిసా మెట్ల దగ్గర పెట్టి, గరిటెతో రెయిలింగు మీద కొడితే మేమందరం గిన్నెలతో దిగేవాళ్లం. అలాంటి మనిషి కంపెనీ ఉన్నట్టుండి మూతపడింది. లారీలు ఎవరో తోలుకుపోయారు, ముదీరు, అంటే మేనేజరు, ఫోనెత్తడు. ఊరి బయట పెద్ద పొలాల్లో డ్రైవరు పని సిద్ధంగా ఉంది. కానీ పాత కఫీల్ సంతకం పెట్టి వదిలితేగానీ కొత్త కఫీల్ తీసుకోడు. దాన్ని నఖల్ అంటారు. ఆ నఖల్ అయ్యేదాకా పని లేదు, పని లేకపోతే పైసా లేదు.

గౌస్ భాయ్ తినడం మానేశాడు. మానేశానని చెప్పడు. రొట్టె, నల్ల టీ, అంతే. మేం ఏమిచ్చినా వద్దు.

"కోడికూర పంపించాను భాయ్, తిను."

"తిన్యాను టీచరమ్మా, ఇప్పుడే తిన్యాను. కడుపు ఇంత ఉబ్బింది సూడు" అనేవాడు, లేని పొట్ట మీద చెయ్యేసి. గిన్నె మూతైనా తియ్యకుండా తిరిగొచ్చేది. నేను కోప్పడ్డాను. మా అల్లుడు బ్లెస్సన్ బతిమాలాడు. క్రిస్టీనా కూర తీసుకెళ్లి గుమ్మంలో పెట్టి పారిపోయింది. ఆ గిన్నె ఆమె గుమ్మం ముందు, ఆమెకంటే ముందే ఉంది.

"పెట్టే చెయ్యిమా నాది" అన్నాడు ఒకసారి నాతో, తల దించుకుని. "దీన్ని తిప్పి పట్టుకోవడం రాదు నాకు."

బుగ్గలు లోపలికి పోయి, చొక్కా హ్యాంగరుకి వేసినట్టయింది మనిషికి. మేమందరం ఆ దిగుల్లో ఉంటే, ఓబదయ్య మాత్రం ఒక ట్రక్కు మీద పెద్ద ఫ్రీజర్ పెట్టె వేసుకుని ఊరేగింపుగా వచ్చాడు.

ఆసుపత్రివాళ్లు పనికిరాదని పారేసింది, అడిగి తెచ్చుకుని బాగుచేశాడట. మెట్ల కింద పెట్టి ప్లగ్గు పెట్టాడు. అది మొదటిసారి కదిలినప్పుడు మూడో అంతస్తులో గ్లాసులు మోగాయి.

"ఇది ఊరి ఫ్రీజరు టీచరమ్మా. మంచుదేశంలో ప్రతి ఊళ్లో ఉంటది. వేటకి పోయినోళ్లు మాంసం తెచ్చి ఇందులో పెడతారు. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకుంటారు. ఎవరు పెట్టారో అడగకూడదు, ఎవరు తీశారో చూడకూడదు."

"మంచుదేశంలో ఫ్రీజరెందుకయ్యా? బయట పెడితే చాలదూ?"

"నేనూ అదే అడిగానమ్మా. ఎండాకాలం వాళ్లకీ ఉంటదంట" అన్నాడు కొంచెం నిరాశగా.

మొదట్లో బానే నడిచింది. పండగ మాంసం, ఆఫర్లో కొన్న కోళ్లు, తాయిఫ్ నుంచి ఎవరో తెచ్చిన దానిమ్మలు, అన్నీ పడ్డాయి. క్రిస్టీనా ఇడ్లీపిండి పెట్టి మర్నాడు దాన్ని స్క్రూడ్రైవరుతో తవ్వుకుంది. బ్లెస్సన్ చొక్కా ఒకటి దొరికింది, చల్లగా వేసుకుని పోదామని పెట్టుకున్నాడట. దాని మీద ఓబదయ్య మళ్లీ మీటింగు పెట్టాడు.

గౌస్ భాయ్ మాత్రం ఆ పెట్టెని, పడుకున్న పాముని దాటినట్టు దాటిపోయేవాడు. మూత మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"నువ్వు తీసుకోవచ్చుగా భాయ్, ఎవరూ చూడరు" అన్నాను.

"పెట్టనోడు యాడ తీస్తాడుమా" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు ఓబదయ్య పక్కనే మోటారు దుమ్ము తుడుస్తున్నాడు. ఏమీ అనలేదు. మంచు గురించి కూడా ఏమీ అనలేదు. నాకది వింతగా అనిపించింది.

మర్నాడు పొద్దున్నే మెట్ల మీద నిలబడి ప్రకటించాడు. ఈ ఫ్రీజర్ చెల్లదట. ఇందులో అంతా కొన్న మాంసమేనట. వేటాడింది ఒక్క ముక్కైనా లేనిదే దాన్ని ఊరి ఫ్రీజర్ అనడానికి లేదట. శుక్రవారం దుబా రేవుకి పోయి ఎర్రసముద్రంలో చేపలు పట్టాలి. పికప్పు ఒకటి అడిగి పెట్టాడు, తనకి డ్రైవింగు రాదు కాబట్టి గౌస్ భాయ్ నడపాలి.

"బండి తోలమంటే తోల్తా. అది నా పని" అన్నాడు గౌస్ భాయ్. మేం బ్లెస్సన్ కారులో పులిహోర, గొడుగులు వేసుకుని వెనకాల బయల్దేరాం. నాకు ఎర్రసముద్రం చూడాలని ఒకటే ఆరాటం. మోషే దాటిన సముద్రం ఎర్రగా ఉంటుందో లేదో తేల్చుకోవాలి. నీలంగానే ఉంది. చాలాసేపు నమ్మలేదు నేను.

"మాది వాడరేవు. సముద్రం మా పెరడు" అని ఓబదయ్య ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగాడు. గాలం విసిరాడు. అది పోయి వెనక కూర్చున్న రూతు గొడుగుకి తగులుకుంది. రెండోసారి తన చొక్కాకే తగులుకుంది. మూడోసారి సముద్రంలో పడింది కానీ, సాయంత్రం దాకా దాన్ని ఏ చేపా పలకరించలేదు.

గౌస్ భాయ్ ఒడ్డున గొంతుక్కూచుని చూస్తున్నాడు. "మా ప్రొద్దుటూర్లో ఏట్లో నీళ్లే ఉండవు, నాకేం తెలుసు సామీ" అంటుంటే, అతని చేతిలో కూడా ఓబదయ్య ఒక గాలం తాడు పెట్టాడు. పెట్టడమే ఆలస్యం, లాగింది. మూరెడు చేప. ఆయన దాన్ని చూసి భయపడ్డాడు, అది ఆయన్ని చూసి భయపడింది. తర్వాత ఇంకొకటి. తర్వాత లెక్క లేదు. సముద్రంలో చేపలన్నీ ప్రొద్దుటూరు మనిషి కోసమే కాచుకుని ఉన్నట్టు వచ్చాయి. చాలాకాలం తర్వాత గౌస్ భాయ్ గొంతు పెద్దదైంది. "అమ్మా, గొడుగు జరుపుమా, పెద్దది వస్తాంది" అని నన్నే గదమాయించాడు.

తిరుగు దారిలో బ్లెస్సన్ నవ్వుతూ అన్నాడు, "అత్తయ్యా, ఓబదయ్యన్న గాలానికి ఎర లేదు, చూశారా?"

"మంచు ధ్యాసలో మర్చిపోయుంటాడు" అన్నాను.

చేపలన్నీ ఫ్రీజర్లో పడ్డాయి. అప్పుడొచ్చింది అసలు ఆచారం. ఓబదయ్య మెట్టెక్కి చెప్పాడు, ఎవరి వేట ఫ్రీజర్లో ఉందో, రోజూ ఆ వేటగాడే ముందు తియ్యాలి. చేపో, కోడో, మాంసమో, ఏదైనా సరే. అతను తీసేదాకా ఇంకెవరూ మూత ముట్టకూడదు. ముట్టారా, సముద్రం మళ్లీ చేప ఇవ్వదు. మంచుదేశంలో ఈ ఒక్క విషయంలో అసలు సడలింపు లేదంట.

ఇంక చూడండి మా అవస్థ. మధ్యాహ్నం అయ్యేసరికి ఆడవాళ్లందరం గిన్నెలు పట్టుకుని మెట్ల మీద లైను. గౌస్ భాయ్ ఏ మసీదుకో పోయుంటాడు. నైట్ డ్యూటీ చేసి వచ్చిన రూతు గోడకానుకుని నిద్రపోతూ ఉంటుంది. ఎవరైనా నెమ్మదిగా మూత ఎత్తబోతే, మెట్ల మలుపులోంచి ఓబదయ్య దగ్గేవాడు.

"భాయ్, తొందరగా తియ్యవయ్యా, మా కడుపులు కాలుతున్నాయి" అని క్రిస్టీనా అరిచేది.

"ఏందిమా ఈ బాధ, నాకొద్దంటే ఇనరా" అని గొణుక్కుంటూ వచ్చి, గౌస్ భాయ్ చేతికందింది తీసేవాడు. తీసినవాడు వండుకోక ఏం చేస్తాడు? వండితే వాసనొస్తుంది. వాసనొస్తే తినక ఏం చేస్తాడు? కొన్నాళ్లకి చొక్కాలో మనిషి కనిపించడం మొదలైంది.

నాకు మాత్రం ఒకటే దురద. ఈ ఆచారం వెనక కథేంటి? సముద్రానికి వాళ్లకి దేవతుందా? ఉండబట్టలేక, ఒక శుక్రవారం ఎలిసాపీని భోజనానికి పిలిపించాను. గుండ్రటి మొహం, చిన్న కళ్లు, నవ్వితే ఆ కళ్లు కూడా కనపడవు. గోంగూర మాంసం పెట్టుకుని, కన్నీళ్లు కారుస్తూ, మళ్లీ పెట్టమంది. రూతు మా ఇద్దరి మధ్య మాటలు మోసింది.

"మీ ఊరి ఫ్రీజర్లో వేటగాడే ముందు తియ్యాలటగా, ఎందుకమ్మా?"

ఆమె నమలడం ఆపింది. "ఎవరు చెప్పారు?"

"ఓబదయ్య."

"మా ఊళ్లో కుర్రాడు మొదటిసారి వేటాడితే అందులో ఒక్క ముక్క కూడా తినడు. మొత్తం పంచేస్తాడు. ముందు ముసలమ్మలకి. మీరు చెప్పిన ఆచారం నేనెప్పుడూ వినలేదు."

నేనూ రూతూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. మంచుదేశంలో ఏ మంచుకి పేరేంటో, కుక్కకి తిండేంటో కూడా తప్పు చెప్పని మనిషి, దీన్ని తలకిందులుగా చెప్పాడు. నాకు గాలానికి లేని ఎర ఇప్పుడు కనపడింది. "గౌస్ భాయ్ గురించి చెప్పు" అన్నాను రూతుతో. రూతు చెప్పింది. ఎలిసాపీ కంచంలోకి చూస్తూ విన్నది.

అప్పుడే తలుపు చప్పుడైంది. గౌస్ భాయ్. మంచుదేశం ఆమె వచ్చిందని తెలిసి ఎక్కి వచ్చాడు. వెనకాలే ఓబదయ్య. ఆ మొహంలో చుక్క నెత్తురు లేదు.

"టీచరమ్మా, తప్పుగా అనుకోవద్దు" అన్నాడు గౌస్ భాయ్ గుమ్మంలోనే నిలబడి. "రూతమ్మా, సిస్టరును ఒక్క మాట అడుగు. ఏటాడినోడు ముందు తియ్యాలనేది వాళ్ల ఊరి పద్ధతేనా, లేకుంటే ఈ సామి నా కోసరం కట్టిన కతనా? కతైతే చెప్పమను. రేపట్నుంచి ఆ మూత నేను ముట్టను."

రూతు నా వైపు చూసింది. కానీ ఎలిసాపీకి ఇంటర్‌ప్రెటరు అక్కర్లేకపోయింది. ఆమె గౌస్ భాయ్‌ని చూసింది, ఆయన భుజం మీంచి చెమటలు కక్కుతున్న ఓబదయ్యని చూసింది. నీళ్లు తాగింది.

"మా పద్ధతే" అంది. "మా నాయనమ్మ ఈ విషయంలో చాలా గట్టిది. వేటగాడు ముందు తియ్యకపోతే కర్ర పట్టుకునేది."

"కర్రనా?" అన్నాడు గౌస్ భాయ్.

"కర్ర."

"ఎందుకట్ల?"

ఈసారి ఆమె కొంచెం ఆలోచించింది. "వేటగాడు నీరసపడితే రేపు ఊరంతా పస్తు. వాడు తినేది వాడి కోసం కాదు, ఊరి కోసం."

గౌస్ భాయ్ "ఊరి కోసం" అని ఓసారి తనలో తనే అనుకున్నాడు. తర్వాత తల ఊపాడు. "అది న్యాయమే" అన్నాడు. "అట్లయితే సరే."

వెనకాల ఓబదయ్య బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలాడు. ఆ గాలికి క్యాలెండరు కదిలింది. ఎలిసాపీ అతని వైపు తిరిగింది. చాలా గంభీరంగా.

"ఇంకో పద్ధతి కూడా ఉంది. ఓబదయ్య చెప్పే ఉంటాడు."

"చెప్పలేదే" అన్నాం అందరం.

"ఊరికి ఆచారాలు చెప్పేవాడు, వారానికోసారి ఊరందరి గిన్నెలూ తోమాలి."

"ఏ వారం?" అన్నాడు గౌస్ భాయ్ వెంటనే.

"మా ఊళ్లో ఆదివారం. ఇక్కడ సెలవు శుక్రవారం కదా."

ఆ సాయంత్రం మూడు అంతస్తుల గిన్నెలూ మా వంటింటి సింకులోకి దిగాయి. క్రిస్టీనా ఎప్పుడో మాడ్చి దాచుకున్న మూకుడు కూడా తెచ్చింది. ఓబదయ్య మోచేతులదాకా నురుగులో మునిగి, ఒక్కో గిన్నే తోముతున్నాడు. నేను తుడిచి పెడుతున్నాను.

కాసేపటికి గొంతు తగ్గించి అడిగాడు. "టీచరమ్మా, ఈ గిన్నెల ఆచారం నేనెప్పుడూ వినలేదే. నిజంగా ఉందంటారా?"

"నన్నడిగితే నాకేం తెలుసు? ఆమెనే అడుగు, హాల్లోనే ఉందిగా."

ఓబదయ్య హాలు వైపు చూశాడు. మూకుడు వైపు చూశాడు. పీచు అందుకున్నాడు.

"వద్దులేమ్మా. నేను ఆమె ఆచారం గురించి అడిగితే, ఆమె నా ఆచారం గురించి అడుగుద్ది."

ఇంతలో గౌస్ భాయ్ లోపలికొచ్చి, అడుగున ముక్క కూడా మిగలకుండా తిన్న తన కంచం నురుగులో జార్చాడు.

"ఇదొకటి మిగిలింది సామీ" అన్నాడు. "అంచు బాగా తోము. మంచుదేశంలో అంచు తోమకుంటే కర్ర తీస్తారంట."